పాత పికప్ బండి, పోయిన పంపు: పొగ చట్టాల చరిత్ర

ప్రత్యేక సంచికకు ఏదైనా రాయమని సంపాదకులు కోరారు. ముప్పై ఏళ్లు డిపో గ్యారేజీలో గడిపిన నాకు బండ్ల సంగతి తప్ప మరొకటి తోచలేదు. మన సభ్యులలో చాలామంది పిల్లలు అమెరికాలో ఉన్నారు. మా అబ్బాయి ఉన్న కాలిఫోర్నియాలో పాత బండి కొన్నవారికి ఎదురయ్యే ఒక చిక్కును, దాని వెనుక ఉన్న చరిత్రను మనవి చేస్తాను.

1943 జులైలో లాస్ ఏంజెలెస్ నగరాన్ని పట్టపగలు కళ్లు మండే పొగ కమ్మేసింది. యుద్ధకాలం కావడంతో జపాను వారు విషవాయువు వదిలారేమోనని కూడా జనం భయపడ్డారు. తర్వాత అనుమానం ఒక కృత్రిమ రబ్బరు ముడిసరుకు కర్మాగారం మీదికి పోయింది. దానిని కొంతకాలం మూయించినా పొగ మాత్రం పోలేదు. అసలు కారణం కనిపెట్టినవాడు హాగెన్-స్మిట్ అనే రసాయన శాస్త్రవేత్త. అంతకుముందు ఆయన పరిశోధించింది అనాస పండు వాసన గురించి! బండ్ల నుంచి, నూనె శుద్ధి కర్మాగారాల నుంచి వచ్చే కాలని ఇంధన ఆవిరి, నైట్రోజన్ ఆక్సైడులు ఎండలో కలిసి ఓజోను వంటి ఘాటైన వాయువులుగా మారుతున్నాయని 1950ల ఆరంభంలో ఆయన తేల్చారు. అంటే దోషి ఎక్కడో లేడు, ప్రతి ఇంటి ముందూ నిలిచి ఉన్నాడు.

అప్పటి నుంచి బండికి ఒక్కొక్క భాగమే వచ్చి చేరింది. ముందుగా ఇంజను అడుగున చేరే ఆవిరిని మళ్లీ ఇంజనులోకే పంపే పి.సి.వి. వాల్వు వచ్చింది. 1966 మోడళ్ల నుంచి పొగగొట్టం చివర వచ్చే వాయువులకు కాలిఫోర్నియా పరిమితులు పెట్టింది. అప్పుడు చాలా బండ్లకు ఎయిర్ పంపు అమర్చారు. ఇంజను బెల్టుతో తిరిగే ఈ పంపు, వేడిగా బయటికి వచ్చే పొగలోకి తాజా గాలిని ఊదుతుంది. దానితో మిగిలిపోయిన ఇంధనం గొట్టంలోనే కాలిపోతుంది. 1970లో దేశమంతటికీ కఠినమైన పరిశుభ్ర వాయు చట్టం వచ్చింది. 1975 మోడళ్ల నుంచి కెటలిటిక్ కన్వర్టర్ విరివిగా వాడుకలోకి వచ్చింది. సీసం కలిపిన పెట్రోలు దానిని పాడుచేస్తుంది కనుక సీసం లేని పెట్రోలు కూడా బంకులకు చేరింది.

చట్టం ఉన్నచోట దానిని తప్పించుకునే దారులు కూడా ఉంటాయి కదా! 1975లో ఫోర్డ్ కంపెనీ ఎఫ్-150 పికప్‌ను తెచ్చింది. సరుకుతో కలిపి దాని అనుమతి బరువు 6,000 పౌండ్లు దాటేలా రూపొందించారు. కన్వర్టర్ తప్పనిసరి చేసిన నిబంధనలు అంతకన్నా తేలికైన బండ్లకే వర్తించేవి. 1979 మోడళ్ల నుంచి ఆ హద్దును 8,500 పౌండ్లకు పెంచి ఆ సందు మూశారు. వాడకందారులూ తక్కువ తినలేదు. సీసం పెట్రోలు పట్టకుండా ట్యాంకు మూతి సన్నగా చేస్తే, గరాటు పెట్టి పోసుకున్నారు. కొందరు బలం పెరుగుతుందని, కొందరు రిపేరు ఖర్చు తప్పుతుందని పంపులు, కన్వర్టర్లు ఊడదీసి పారేశారు.

ఈ అనుభవంతోనే 1984లో కాలిఫోర్నియాలో మొదలైన స్మాగ్ చెక్‌లో, పొగను కొలవడంతో పాటు బానెట్ ఎత్తి చూడడం కూడా చేర్చారు. ఏ బండికి ఏ భాగాలు ఉండాలో బానెట్ కింద అంటించిన చీటీ చెబుతుంది. వాటిలో ఒక్కటి లేకపోయినా బండి తప్పినట్టే.

మా అబ్బాయి ఇంటి పక్కన తోటపని చేసి బతికే ఒక పెద్దాయన ఉన్నారు. ఆయన చేతికి వచ్చిన 1980ల నాటి పికప్ బండికి ఎయిర్ పంపు లేదు. అంతకుముందు ఎవరో తీసేశారు. పొగ లెక్కలు హద్దులోనే ఉన్నా పరీక్షలో బండి తప్పింది. అది పాసు కాకపోతే రిజిస్ట్రేషన్ లేదు, రిజిస్ట్రేషన్ లేకపోతే ఆయనకు పని లేదు. "పొగ బాగానే ఉంది కదా నాన్నా, ఇంకేం కావాలి వాళ్లకు?" అన్నాడు మా అబ్బాయి.

ప్రశ్న సబబైనదే. కాని గ్యారేజీలో పనిచేసినవారికి దీని జవాబు తెలుసు. పరీక్ష రెండేళ్లకు ఒకనాడు. ఆనాటికి ఇంజనును సరిచేసి గట్టెక్కించడం ఏ మెకానిక్కుకైనా సాధ్యమే. మిగిలిన ఏడువందల పైచిలుకు రోజులూ ఉదయం చల్లని ఇంజను స్టార్ట్ చేసినప్పుడు, గడ్డి యంత్రాలు ఎక్కించుకుని గట్టు ఎక్కినప్పుడు, పని చేయవలసింది ఆ భాగమే. పొగ లెక్క ఒక్కరోజు సాక్ష్యం, భాగం రోజూ చేసే కాపలా.

అలాగని తీసినవాడు ఒకడైతే శిక్ష మరొకడికి పడడం న్యాయమా? అందుకే చట్టం కొన్ని దారులు ఉంచింది. అమ్మేటప్పుడు స్మాగ్ సర్టిఫికెట్ ఇవ్వవలసిన బాధ్యత సాధారణంగా అమ్మేవారిదే. కొత్త భాగం దొరకకపోతే పాత బండ్ల యార్డులో అదే మోడల్‌ది వెతుక్కోవచ్చు. అయితే వాడిన కన్వర్టర్‌ను మాత్రం బిగించరాదు. వేరే కంపెనీ చేసిన భాగమైతే రాష్ట్ర వాయు మండలి ఆమోదం ఉండాలి. కంపెనీ తయారీ మానేసి, ఎక్కడా దొరకని భాగమైతే రిఫరీ అనే ప్రభుత్వ నియమిత పరిశీలకుల దగ్గరికి వెళ్లి, పరిమిత మినహాయింపు కోరవచ్చు. 1975, అంతకు ముందరి మోడళ్లకు స్మాగ్ చెక్కే లేదు. మన పెద్దాయనకు మూడు యార్డులు తిరిగాక పంపు, దానిని పట్టే బ్రాకెట్టు, బెల్టు పుల్లీ దొరికాయి. నేనూ స్పానరు పట్టాను. బండి పాసయింది.

మన దేశంలో 1995 ఏప్రిల్ 1 నుంచి నాలుగు మహానగరాలలో కొత్త పెట్రోలు కార్లకు కన్వర్టర్ తప్పనిసరి అయింది. 2000 ఫిబ్రవరి నాటికి సీసం పెట్రోలు దేశమంతటా ఆగిపోయింది. 2020 ఏప్రిల్ 1 నుంచి భారత్ స్టేజ్-6 వచ్చింది. భాగాలు అక్కడిలాగే వచ్చాయి గాని, మన పొల్యూషన్ సర్టిఫికెట్ పరీక్ష నేటికీ ప్రధానంగా పొగగొట్టం చివరనే చూస్తుంది. బానెట్ ఎత్తి, ఉండవలసినది ఉందా అని చూసే అలవాటు మనకింకా రావలసి ఉంది.

కాబట్టి ఇక్కడైనా, అక్కడైనా పాత బండి బేరమాడే పిల్లలకు మనం ఒక మాట చెప్పాలి. రంగు, టైర్లు, మీటరు చూడడం సరే, బానెట్ కింద చీటీ చదివి, అందులో రాసిన ప్రతి భాగమూ దాని చోట ఉందో లేదో వేలు పెట్టి చూసుకున్న తర్వాతే డబ్బు చేతిలో పెట్టమనండి. ఆ భాగం యజమాని సుఖం కోసం పెట్టినది కాదు, వెనుక నడిచి వచ్చేవారి ఊపిరి కోసం పెట్టినది. అందుకే అది పోయినా బండి నడిపేవారికి తెలియదు.