భద్రతామండలిలో హైదరాబాదు వ్యాజ్యము



మీ గ్రామములనుండి నగరమునకు పోయిన యువకులు పలువురు నేడు మాదాపూరు ప్రాంతమున కొలువు చేయుచున్నారు. 1998 లో అచ్చట సైబర్ టవర్స్ అను సౌధమును ప్రారంభించిరి. ఆ ప్రదేశమునకు హైటెక్ సిటీ యను పేరు స్థిరపడినది. దానికి చేరువనే 2012 అక్టోబరులో జీవవైవిధ్యమును గూర్చిన ఐక్యరాజ్యసమితి మహాసభ జరుగగా, నానాదేశముల ప్రతినిధులు వచ్చి వాదోపవాదములు సలిపిరి. లోకము హైదరాబాదునకు వచ్చి మాటలాడుట మనకిప్పుడు వింత గాదు. కాని హైదరాబాదే లోకము నెదుటికి పోయి తన గోడు చెప్పుకొన్న కాలమొకటి కలదు. ఆ వృత్తాంతమును మీకు మనవి చేసెదను.

1947 ఆగస్టులో ఆంగ్లేయులు వెడలిపోయినపుడు నిజాము ప్రభువు భారతదేశమున చేరుటకు సమ్మతింపలేదు. ఆ నవంబరు 29 వ తేదీన, ఉన్నది ఉన్నట్లు ఒక యేడాది సాగవలెనని ఒడంబడిక కుదిరినది. 1941 నాటి లెక్కల ప్రకారము సంస్థానపు జనసంఖ్య సుమారు 1 కోటి 63 లక్షలు. తెలుగు, మరాఠీ, కన్నడము, ఉర్దూ మాటలాడు ఈ జనులందఱి భవిష్యత్తు ఆ యేటిలో తేలవలసియుండెను. అయినను దానినిగూర్చి నలుగురు కూడి బహిరంగముగా విచారించుకొను వెసులుబాటు వారికి లేదు. గస్తీ నిషాన్ 53 అను సర్కారు ఉత్తరువు పేరు మన పెద్దలవలన వినియుందురు. ముందుగా అనుమతి పొందనిదే సభ జరుపరాదు. అందుచేతనే ఆనాటివారు గ్రంథాలయముల నాశ్రయించిరి. 1901 లో వెలసిన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయమైనను, 1926 లో సురవరము ప్రతాపరెడ్డిగారు నడపసాగిన గోలకొండ పత్రికయైనను, నోరు మూయబడిన జాతికి దొరకిన చిన్న కిటికీలు.

ఉర్దూ పత్రికలలోను అట్టి కిటికీ యొకటి తెఱచుకొన్నది. వరంగల్లు సీమవాడైన షోయబుల్లాఖాన్, మందుముల నరసింగరావుగారి రయ్యత్ పత్రికలో పనిచేసి, సర్కారు దానిని నిలిపివేసిన పిదప 1947 నవంబరులో ఇమ్రోజ్ అను దినపత్రికను స్థాపించెను. యూనియనులో చేరుటయే మేలనియు, రజాకారుల దౌర్జన్యము మహమ్మదీయులకే చేటు తెచ్చుననియు అతడు వ్రాసెను. 1948 ఆగస్టులో ఏడుగురు మహమ్మదీయ ప్రముఖులు ఇదే మాట చెప్పుచు ఒక ప్రకటన చేయగా, ఇమ్రోజ్ దానిని ప్రకటించినది. ఈ విషయమును కొందఱు రెండు మతముల పోరని చెప్పుచుందురు. ఆ ప్రకటనను చదివినచో ఆ మాట నిలువదు. రజాకారుల నాయకుడైన కాసిం రజ్వీ మాత్రము, తమకు వ్యతిరేకముగా లేచిన చేయి తెగిపడునని సభలో గర్జించెను.

ఆగస్టు 21 వ తేదీన హైదరాబాదు ప్రభుత్వము భద్రతామండలికి తంతి పంపినది. భారతదేశము తమ్ము బెదిరించుచున్నదనియు, సరకులు రానీయక దిగ్బంధము సాగించుచున్నదనియు అందలి ఫిర్యాదు. ఆ నడిరాత్రియే, కార్యాలయమునుండి ఇల్లు చేరుచున్న షోయబుల్లాఖానును లింగంపల్లి వీథిలో అడ్డగించి కాల్చిరి, చేతిని నఱకిరి. (ఈ లింగంపల్లి కాచిగూడ చెంతనున్నది, సైబరాబాదు ప్రక్కనున్న శేరిలింగంపల్లి గాదు.) వెంటనున్న బంధువును గాయపఱచిరి. అతనికి ఇరువదియెనిమిదేండ్లు నిండలేదు.

భద్రతామండలికి పోవుటను నేను తప్పుపట్టను. బలవంతునితో తగవు వచ్చినపుడు చిన్నరాజ్యము పదిమంది పెద్దల యెదుట మొఱపెట్టుకొనుట న్యాయమే. మన పల్లె పంచాయతీలలోను అదియే పద్ధతి. కాని పంచాయతీకి పోవువాడు ముందు తన యింటివారి మాట వినవలదా? పారిసు నగరమున ఏ ప్రశ్నను పదునొకండు రాజ్యములవారు విచారింపవలెనని నిజాము సర్కారు కోరినదో, ఆ ప్రశ్ననే కాచిగూడలో విచారించిన పాత్రికేయునికి ప్రాణరక్షణ లేకపోయెను.

సెప్టెంబరు 13 న భారతసేన సంస్థానమున ప్రవేశించినది. 16 న భద్రతామండలి పారిసులో కూడగా, మొయిన్ నవాజ్ జంగ్ హైదరాబాదు పక్షమునను, రామస్వామి మొదలియారు భారతదేశపు పక్షమునను వాదించిరి. వ్యాజ్యమును చర్చకు చేర్చుకొనుటకు 8 రాజ్యములు సమ్మతించినవి, 3 తటస్థముగా నుండినవి. మఱునాడే నిజాము లొంగి డెక్కన్ రేడియోలో ప్రసంగించెను. 22 న ఫిర్యాదును ఉపసంహరించుకొనుచు తంతి పంపెను. అయినను 1949 మే నెల వఱకును ఆ విషయము మండలిలో ప్రస్తావనకు వచ్చుచునే యుండినది.

ఇంతటితో ఆపినచో సగము చరిత్రయే చెప్పినవాడనగుదును. రజాకారుల పీడ వదలిన పిమ్మట పలు జిల్లాలలో, ముఖ్యముగా మరాఠీ సీమలో, నిరపరాధులైన మహమ్మదీయులు వేలకొలది హతులైరి. నెహ్రూగారి ప్రభుత్వము పండిత సుందరలాలుగారిని, పయామ్ పత్రికాస్థాపకుడగు కాజీ అబ్దుల్ గఫారుగారిని, మఱియొకరిని విచారణకు పంపినది. వారు ఊరూర తిరిగి, ఎంత తగ్గించి చెప్పినను 27,000 మొదలు 40,000 వఱకు జనులు మడిసిరని వ్రాసిరి. ప్రభుత్వము ఆ నివేదికను ప్రకటింపలేదు. పరరాజ్యములు దానిని చేతబట్టుకొని నిందించునను భయము ఉండియుండవచ్చును. నా దృష్టిలో అది చాలిన కారణము గాదు. మాటలను మూసిపెట్టు అలవాటును క్రొత్త ప్రభువులును పాతవారివలెనే పట్టిరి.

ఢిల్లీలోని తీన్‌మూర్తి గ్రంథాలయమున ఆ కాగితములు చదువుటకు దొరకుచున్నవని 2013 లో లోకమునకు తెలిసినది. అందులో హత్యల లెక్కయే గాక మఱియొక సంగతియు కలదు. తోటి వృత్తివారి నడుమ ఆత్మీయత మిక్కుటముగా నుండెననియు, హిందువులగు నేతపనివారు మహమ్మదీయులగు నేతపనివారిని తమ మతస్థుల దాడినుండియే కాపాడిరనియు, అందుకై కొందఱు తమ ప్రాణములనే యిచ్చిరనియు ఆ నివేదిక చెప్పుచున్నది.