ఆరు నెలల గడువు: ఎర్రగడ్డ నుంచి అమెరికాకు అమ్మానాన్నల ప్రయాణ చరిత్ర

ఎర్రగడ్డ, వెంగళరావునగర్, సంజీవరెడ్డినగర్ కాలనీల పార్కుల్లో పొద్దున్నే నడకకు వచ్చే పెద్దవాళ్ల మాటలు వింటే, చాలామందికి ఏడాది రెండు భాగాలని అర్థమవుతుంది. ఒక భాగం ఇక్కడ, ఇంకో భాగం అమెరికాలో. "మాస్టారు కనబడటం లేదేమండీ?" అని ఒకరు అడుగుతారు. "అమ్మాయి దగ్గరికి వెళ్లారు కదండీ, ఎక్స్‌టెన్షన్ వేశారట" అని ఇంకొకరు చెబుతారు. రిటైరైన తెలుగు తల్లిదండ్రులు తమ పిల్లల ఇంట్లో ఎన్నాళ్లుండాలో అమెరికా వలస చట్టం తేల్చి చెబుతోంది. ఆ గడువు మన పురుళ్ల ఆనవాయితీని, వియ్యంకుల మధ్య వంతులను, పింఛను కాగితాల తేదీలను కూడా తన దారికి తెచ్చుకుంది. ఈ కథ మొదలై వందేళ్లయింది.

మొదట్లో అమెరికా ప్రయాణమంటే తిరిగిరాని ప్రయాణమే. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు 1920ల మొదట్లో ఓడెక్కి బోస్టన్ చేరారు. హార్వర్డ్ వైద్య కళాశాలలోను, ఆ తర్వాత లెడర్లీ ప్రయోగశాలల్లోను ప్రపంచం మెచ్చిన పరిశోధనలు చేశారు. భార్య ఇక్కడే ఉండిపోయారు. 1948లో న్యూయార్క్‌లో కన్నుమూసేదాకా ఆయన మళ్లీ ఈ నేల మీద అడుగుపెట్టలేదు. ఆయన జీవితంలో ఎక్కువ కాలం అమెరికా చట్టం భారతీయులకు పౌరసత్వమే ఇవ్వలేదు. 1946లో వచ్చిన లూస్-సెల్లర్ చట్టం ఆ తలుపు కొద్దిగా తీసింది. ఏడాదికి 100 మంది భారతీయులకు మాత్రమే వలస అవకాశం కల్పించింది. కొడుకు దగ్గరికి తల్లి వెళ్లి కొన్నాళ్లుండి రావడమనే ఆలోచనకే అప్పట్లో చోటు లేదు.

1965 అక్టోబరు 3న అధ్యక్షుడు లిండన్ జాన్సన్ సంతకం చేసిన వలస చట్టంతో పరిస్థితి మారింది. దేశాలవారీ పాత కోటాలు పోయాయి. చదువుకున్నవారికి, కుటుంబ సభ్యులకు ప్రాధాన్యం వచ్చింది. గుంటూరు, విశాఖ, హైదరాబాద్ వైద్య కళాశాలల్లో చదివిన డాక్టర్లు, వారితోపాటు ఇంజినీర్లు వరసగా బయల్దేరారు. 1977లో ఉత్తర అమెరికా తెలుగువారి తొలి మహాసభ న్యూయార్క్‌లో జరిగింది. అదే ఉత్తర అమెరికా తెలుగు సంఘం (తానా) పుట్టుకకు దారితీసింది. ఆ తరం వాళ్లు పౌరసత్వం తీసుకుని, తల్లిదండ్రులను కూడా శాశ్వత నివాసులుగా పిలిపించుకోగలిగారు. 21 ఏళ్లు నిండిన అమెరికా పౌరుల తల్లిదండ్రులకు గ్రీన్ కార్డుల సంఖ్య మీద పరిమితి లేదు. అయితే ఆ డాక్టర్ల తల్లిదండ్రుల్లో విమానమెక్కి అక్కడ స్థిరపడటానికి ఇష్టపడినవారు తక్కువే.

ఇదే సమయంలో హైదరాబాద్ పడమటి వైపు మరో తరం తయారవుతోంది. బయటివాళ్లకు ఎర్రగడ్డ అంటే 1953లో జాల్నా నుంచి తరలి వచ్చిన మానసిక చికిత్సాలయమే గుర్తుకొచ్చేది. అక్కడుండేవాళ్లకు మాత్రం అది ఉద్యోగస్తుల పేట. సనత్‌నగర్‌లో 1942లో మొదలైన ఆల్విన్ ఫ్యాక్టరీ, బాలానగర్‌లో ఐడీపీఎల్, హెచ్ఏఎల్, వాటి చుట్టూ చిన్న పరిశ్రమలు. షిఫ్టు ముగించుకుని సైకిళ్ల మీద, సిటీ బస్సుల్లో ఇళ్లు చేరే కార్మికులు, ఫోర్‌మెన్లు, గుమాస్తాలు. సంజీవరెడ్డినగర్, వెంగళరావునగర్ హౌసింగ్ బోర్డు ఇళ్లలో టీచర్లు, సచివాలయ ఉద్యోగులు. జబ్బు చేస్తే ఈఎస్ఐ ఆసుపత్రి. వీళ్లు దాచుకున్నదంతా పిల్లల ఇంజినీరింగ్ చదువులకే పోయింది. 1990లలో ఐడీపీఎల్ చితికిపోయి, ఆల్విన్ ముక్కలై, స్వచ్ఛంద విరమణ పేరుతో ఎందరో తండ్రులు ముందే ఇంటికొచ్చారు. సరిగ్గా అప్పుడే పక్కనున్న అమీర్‌పేట వాళ్ల పిల్లలకు దారి చూపింది.

అమెరికా 1990 వలస చట్టం హెచ్-1బి ఉద్యోగ వీసాను తెచ్చింది. మొదటి పరిమితి ఏడాదికి 65,000. 2000 సంవత్సరం సమస్యతో పాత కోబాల్ ప్రోగ్రాములు సరిచేసేవాళ్లు కావలసి వచ్చినప్పుడు పరిమితి 1,15,000కు, తర్వాత 1,95,000కు పెరిగింది. అమీర్‌పేటలోని మైత్రీవనం చుట్టుపక్కల మేడల్లో కోచింగ్ కేంద్రాలు వెలిశాయి. మెయిన్‌ఫ్రేమ్, ఒరాకిల్, జావా, ఆ తర్వాత శాప్. నెలల్లో కోర్సు, చేతిలో రెజ్యుమే, చిలుకూరు బాలాజీ గుడిలో కోరికకు 11 ప్రదక్షిణలు, తీరితే 108. చైనా మానవశాస్త్రవేత్త శియాంగ్ బియావ్ ఈ తెలుగు ఐటీ వలసను దగ్గరగా చూసి 2007లో ఒక పుస్తకమే ప్రచురించారు. 2010 నుంచి 2017 వరకు అమెరికాలో తెలుగు మాట్లాడేవారి సంఖ్య 86 శాతం పెరిగిందని ఆ దేశపు జనాభా సర్వే లెక్కల ఆధారంగా తేల్చారు. మరే భాషా అంత వేగంగా పెరగలేదు.

హెచ్-1బి మీద ఉన్న కొడుకు భార్యాపిల్లలను తీసుకెళ్లగలడు. తల్లిదండ్రులను శాశ్వతంగా పిలిపించుకోలేడు. ఏ దేశానికీ ఏటా 7 శాతానికి మించి ఉపాధి గ్రీన్ కార్డులు ఇవ్వకూడదన్న నిబంధన వల్ల భారతీయులు ఏళ్లూ పూళ్లూ క్యూలోనే నిలబడుతున్నారు. గ్రీన్ కార్డు వచ్చాక, పౌరసత్వానికి మరికొన్నేళ్లు. అందాకా అమ్మానాన్నలకు మిగిలిన దారి బి-2 సందర్శక వీసా ఒక్కటే.

అక్కడే మన ఆచారం ఒకటి తిరగబడింది. తొలి కాన్పుకు ఆడపిల్ల పుట్టింటికి రావడం తెలుగువారి పద్ధతి. ఏడో నెల దాటాక తీసుకొచ్చి, పురుడు పోసి, పథ్యం పెట్టి, మూడో నెలలోనో ఐదో నెలలోనో బిడ్డతో సహా సాగనంపేవారు. కాన్పు అమెరికాలో అయ్యేసరికి పుట్టిల్లే మూటా ముల్లె సర్దుకుని విమానమెక్కింది. సూట్‌కేసులో కాయం, వాము, బాలింత పొడులు, నాన్నకు ఆరు నెలలకు సరిపడా బీపీ మాత్రలు. మొదటి ఆరు నెలలు అమ్మాయి అమ్మానాన్నలు. వాళ్లు తిరిగి రాగానే అబ్బాయి అమ్మానాన్నలు. తల్లి మెటర్నిటీ సెలవు ముగిశాక పసిబిడ్డను డే కేర్‌లో వేయకుండా ఏడాది గడిపేయడానికి ఎన్నో ఇళ్లు ఈ వంతులను పాటించాయి. వియ్యపురాళ్లు ఒకరి ప్రయాణ తేదీని ఒకరు కనుక్కుని టికెట్లు కొన్నారు.

ఈ వంతుకు కొలత ఆరు నెలలే ఎందుకైంది? పాస్‌పోర్టులో అంటించే వీసాకు పదేళ్ల చెల్లుబాటు ఉంటుంది. అది గుమ్మం దాకా వెళ్లడానికి ఇచ్చే అనుమతి. ఎన్నాళ్లు ఉండవచ్చో విమానాశ్రయంలో అధికారి నిర్ణయిస్తాడు, దాన్ని ఐ-94 అనే రికార్డులో నమోదు చేస్తాడు. బి-2 మీద వచ్చినవారికి మామూలుగా ఆరు నెలలు రాస్తారు. 2013 దాకా అది పాస్‌పోర్టు పేజీకి పిన్ను కొట్టిన తెల్ల చీటీ. తిరిగి వచ్చేటప్పుడు విమాన సంస్థకు అప్పగించేవారు. ఆ ఏడాది నుంచి విమానాల్లో వచ్చేవారికి అది కంప్యూటర్ రికార్డుగా మారింది. చీటీ కళ్లెదుట ఉన్నప్పుడు గుర్తుండే తేదీ, తెరచాటుకు వెళ్లాక మరుపున పడటం మొదలైంది. పదేళ్ల వీసా ఉంది కదా అనుకుని గడువు దాటినవారూ ఉన్నారు.

కాన్పు ఆలస్యమైనా, మోకాలి ఆపరేషన్ అయినా, రెండో వంతు వాళ్లకు వీసా రాకపోయినా గుర్తొచ్చేది ఐ-539. అమెరికా పౌరసత్వ, వలస సేవల విభాగానికి పెట్టే దరఖాస్తు ఇది. ఐ-94 తేదీ లోపే అందాలి. ఎందుకు ఆగిపోతున్నారో, ఎప్పుడు వెళ్తారో, ఖర్చు ఎవరు భరిస్తారో రాయాలి. తిరుగు టికెట్, పిల్లల జీతం వివరాలు, డాక్టరు చీటీ జత చేయాలి. భర్త దరఖాస్తుదారు అయితే భార్య అనుబంధ పత్రంలో చేరుతుంది. ఒక్కసారికి ఆరు నెలలకు మించి పొడిగించరు. గడువులోపు సక్రమంగా వేసిన దరఖాస్తు తేలేవరకు అక్కడ ఉండటాన్ని అక్రమ నివాసంగా లెక్కించరు. చాలాసార్లు అడిగిన ఆరు నెలలూ గడిచి, తల్లిదండ్రులు హైదరాబాద్ చేరాక కూడా జవాబు రాలేదు. 2019లో దీనికి వేలిముద్రలు తప్పనిసరి చేశారు, 2023లో చాలావరకు తీసేశారు. 2024 ఏప్రిల్ నుంచి కాగితం మీద వేస్తే 470 డాలర్లు, ఆన్‌లైన్‌లో వేస్తే 420 డాలర్లు రుసుము.

దరఖాస్తు వేయకుండా ఆగిపోతే వచ్చే నష్టం పెద్దది. 1996 చట్టం ప్రకారం గడువు దాటిన ఒక్క రోజుకే పదేళ్ల వీసా రద్దవుతుంది. 180 రోజులు మించి అక్రమంగా ఉండి బయటికొస్తే మూడేళ్లు, ఏడాది దాటితే పదేళ్లు మళ్లీ రానివ్వరు. డెబ్బయ్యేళ్ల తల్లికి పదేళ్ల నిషేధమంటే మనవరాలి బాల్యాన్ని పూర్తిగా వదులుకోవడమే.

వీసా కోసం పడిన తిప్పలూ ఈ చరిత్రలో భాగమే. చాలాకాలం తెలుగువాళ్లు రాత్రి రైలెక్కి చెన్నై జెమినీ ఫ్లైఓవర్ దగ్గరి కాన్సులేట్ ముందు తెల్లవారుజామున నిలబడేవారు. 2006 మార్చిలో అధ్యక్షుడు జార్జ్ బుష్ హైదరాబాద్ వచ్చారు, ఆ పర్యటనలోనే ఇక్కడ కాన్సులేట్ పెడతామని ప్రకటించారు. 2008 అక్టోబరులో బేగంపేట పైగా ప్యాలెస్‌లో కాన్సులేట్ తెరిచారు, 2009లో వీసాల పని మొదలైంది. అమీర్‌పేటలో పాస్‌పోర్ట్ సేవా కేంద్రం, పక్కనే బేగంపేటలో కాన్సులేట్. ఎర్రగడ్డ నుంచి బయల్దేరిన దంపతులకు రెండూ ఆటో దూరంలోనే దొరికాయి. 2023 మార్చిలో కాన్సులేట్ నానక్‌రామ్‌గూడ కొత్త భవనానికి మారింది.

కోవిడ్ వల్ల 2020 మార్చి 23 నుంచి అంతర్జాతీయ విమానాలు ఆగిపోయాయి. శీతాకాలంలో వెళ్లిన అమ్మానాన్నలు అక్కడే చిక్కుకుపోయారు. మాత్రలు అయిపోయాయి, బీమా గడువు ముగిసింది, ఐ-94 తేదీ తరుముకొచ్చింది. సందర్శకుల బీమా పాలసీలు చాలావరకు పాత జబ్బులకు వర్తించవు. అంతవరకు కొద్దిమందికే తెలిసిన ఐ-539ను ఆ వేసవిలో ఎన్నో తెలుగు ఇళ్లలో నింపారు. మే 7న వందే భారత్ మిషన్ ప్రత్యేక విమానాలు మొదలయ్యాక గాని తిరుగు దారి తెరుచుకోలేదు. తర్వాత 2022 చివర్లో తొలిసారి సందర్శక వీసా కోరేవారు ఇంటర్వ్యూకు హైదరాబాద్‌లో రెండేళ్లకు పైగా ఎదురుచూడాల్సి వచ్చింది. రెండో వంతు వాళ్లు కదలలేక, మొదటి వంతు వాళ్లే పొడిగింపు వేసుకున్నారు.

ఇక్కడి కాగితాలు కూడా ఆగవు. కేంద్ర ప్రభుత్వ పింఛనుదారులు ఏటా నవంబరులో బతికున్నట్టు ధ్రువపత్రం ఇవ్వాలి. 1995 ఉద్యోగుల పింఛను పథకం కింద పింఛను తీసుకునే కార్మికులదీ ఏడాదికోసారి తప్పని పనే. ఒకప్పుడు బ్యాంకు కౌంటరు ముందు స్వయంగా నిలబడాల్సిందే, కాబట్టి నవంబరుకు ముందే తిరిగొచ్చేలా టికెట్లు తీసుకునేవారు. 2014 నవంబరు 10న జీవన్ ప్రమాణ్ అనే డిజిటల్ ధ్రువపత్రం వచ్చాక ఆధార్ ద్వారా ఇంటి నుంచే ఇవ్వడం వీలైంది. విదేశాల్లో ఉన్నవారికి భారత కాన్సులేట్ల ధ్రువీకరణా పనికొస్తుంది.

ఈ ప్రయాణాలు ఇక ముందూ సాగుతాయి. అందుకే పెద్దవాళ్లకు ఒక మనవి. మీ గడువు లెక్కను పిల్లల ఫోనుకు వదిలేయకండి. అమెరికాలో దిగిన వారంలోపే ఐ-94 కాగితం ముద్రించుకుని, అందులోని తేదీని మీరే స్వయంగా చదవండి. ఆగాల్సిన అవసరం కనిపిస్తే ఆ తేదీకి కనీసం 45 రోజుల ముందే ఐ-539 వేయించండి. రసీదును పాస్‌పోర్టుతో పాటు భద్రపరచండి, తర్వాతి ప్రయాణంలో అధికారి అడిగితే చూపించాల్సింది దాన్నే. పిల్లలు కూడా టికెట్ కొనేముందు అమ్మానాన్నలను ఎన్నాళ్లు ఉండాలని ఉందో ఒక్కసారి అడగాలి. అరవై ఏళ్లు కష్టపడి ఇల్లు నిలబెట్టిన మనిషికి తన రోజులు తానే నిర్ణయించుకునే హక్కుంది.