వాగు తగ్గితేనే బస్సు

2025 ఏప్రిల్ 25, శుక్రవారం. హనుమకొండలో పొద్దు గూకుతున్నా వేడి తగ్గలేదు. వరండాలో పీట వేసుకుని టీచరమ్మ తొక్కుకు మామిడికాయలు కొడుతోంది. లోపల మంచం మీద సూట్‌కేసులు తెరిచి ఉన్నాయి. ఒకదాన్నిండా కొత్త స్వెటర్లు, ఇంకా ధర చీటీలు కూడా తీయలేదు. మే 2న ఇంటిల్లిపాదీ, ఐదుగురూ, కజకిస్థాన్‌లోని అల్మాటీకి బయల్దేరాలి.

సర్కారు బడిలో 30 ఏళ్ళు సోషల్ చెప్పిన మనిషి ఆమె. బోర్డు మీద హిమాలయాలు ఎన్నిసార్లు గీసిందో లెక్కలేదు గానీ మంచును ముట్టుకుంది లేదు. షష్టిపూర్తికి ఏం కావాలని కూతురు అడిగితే ఆ ఒక్కటే కోరింది. మనవాళ్ళకు అల్మాటీకి 14 రోజుల దాకా వీసా అక్కర్లేదు. ఢిల్లీలో ఎక్కితే మూడు గంటల పైచిలుకు ప్రయాణం. జనవరిలోనే టికెట్లు కొన్నారు.

కూతురి ఫోన్‌కు మెసేజ్ వచ్చింది. చదివి, మళ్ళీ చదివింది.

“అమ్మా, అల్మాటీ ఫ్లైటు క్యాన్సిల్ చేసిన్రే.”

కత్తి ఆగింది.

తమ పేర్లు రాయొద్దని ఆ కుటుంబం కోరింది. అందుకే ఇక్కడ ఎవరికీ పేర్లు లేవు, ఆ విమాన సంస్థకూ లేదు. అసలు తప్పు ఆ సంస్థది కాదు. ఏప్రిల్ 22న కశ్మీర్‌లోని పహల్గాంలో ఉగ్రవాదులు 26 మందిని కాల్చి చంపారు. భారత్, పాకిస్థాన్‌ల మధ్య ఉద్రిక్తత పెరిగి, 24న పాకిస్థాన్ భారతీయ విమానాలకు తన గగనతలాన్ని మూసేసింది. ఢిల్లీ నుంచి అల్మాటీకి దగ్గరి దారి ఆ దేశం మీదుగానే. నేరుగా ఉత్తరానికి పోదామంటే హిమాలయాలు, వాటి వెనక టిబెట్ పీఠభూమి. విమానంలో గాలి పీడనం పడిపోతే వెంటనే 10 వేల అడుగులకు దించాలి, అక్కడ నేలే అంతకంటే ఎత్తు. ఇక మిగిలింది అరేబియా సముద్రం మీదుగా పడమటికి పోయి, చుట్టూ తిరిగి రావడం. చిన్న విమానాల ఇంధనం అంత దూరానికి చాలదు. అల్మాటీ, తాష్కెంట్ తమ విమానాలకు అందని దూరమైపోయాయని సంస్థ ఉన్నదున్నట్టు ప్రకటించింది. 27 నుంచి మే 7 దాకా అల్మాటీ విమానాలు రద్దు.

అల్లుడు అప్పటికే ల్యాప్‌టాప్ ముందున్నాడు. “మామయ్యా, ఏడో తారీఖు దాకనేనట. పైసలు పెట్టకుండ తొమ్మిదో తారీఖుకు మార్చుకోవచ్చట. సీట్లున్నయ్. నొక్కన్నా?”

ఆ మామయ్య ఆర్టీసీలో కంట్రోలర్‌గా పనిచేసి రిటైరైనవాడు. హనుమకొండ బస్టాండులో మైకు పట్టుకుని ఎన్ని బస్సుల రాకపోకలు చెప్పాడో, మేడారం జాతరలకు ఎన్ని రాత్రులు నిద్ర లేకుండా బస్సులు పంపాడో! కుర్చీ జరుపుకుని వచ్చి కూర్చున్నాడు.

“ఆగు బిడ్డా. ఎందుకు రద్దు చేసిన్రు?”

“పాకిస్తాన్ దారి బంద్ పెట్టింది బాపూ,” అంది కూతురు.

“ఎప్పటిదాక?”

ఆమె వార్తలు వెతికింది. “మే 23 దాకనట.”

“దారేమో 23 దాక బంద్. మరి తొమ్మిదికి మనల్ని ఏ దారిల తీస్కపోతరు?”

ఎవరూ మాట్లాడలేదు.

“వాగు పొంగితే ములుగు దిక్కు బస్సులు బంద్ పెట్టేటోళ్ళం. ‘సాయంత్రం ఆరు దాక రద్దు’ అని మైకుల నేనే చెప్పేటోణ్ణి. ఆరు కాంగనె వాగు తగ్గుతదని నాకు ఎవ్వడన్న రాసిచ్చిండా? ఆరుకు మల్ల ఇంకో మాట చెప్పేటోణ్ణి. జనం నన్ను తిట్టేటోళ్ళు. బస్సు ఎప్పుడు పోతదో నాకేం తెలుసు, వాగుకు తెలుసు.”

ఆయన దగ్గర ఈ ముచ్చట విన్నప్పుడు నేను నోట్‌బుక్ పక్కన పెట్టి కాసేపు ఊరుకున్నాను. షెడ్యూలు మారినప్పుడు ప్రయాణికుడు చూసుకోవాల్సిన మొదటి సంగతి అదే, రద్దుకు కారణం ఎప్పటిదాకా ఉంటుందన్నది. విమాన సంస్థలు రద్దును వారం, పది రోజుల చొప్పున ప్రకటిస్తాయి. అందులో మోసం లేదు, దారి తెరిస్తే వెంటనే నడపాలని వాళ్ళ ఆశ. ఆ ఆశ మీద మన సెలవులు, హోటల్ అద్దెలు, పిల్లల పరీక్షలు ఆధారపడితేనే చిక్కు. తేదీ మార్చుకునే బటన్ నొక్కాక ఆ కొత్త టికెట్టూ రద్దయితే మళ్ళీ మొదటికి వస్తాం. ఈలోగా మిగతా సంస్థల్లో సీట్లు అయిపోతాయి.

సంస్థ తనంతట తాను విమానం రద్దు చేస్తే, ఇంకో విమానమా, డబ్బు వాపసా అన్నది ఎంచుకునే హక్కు ప్రయాణికుడిదేనని మన విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ నిబంధన. ఇలాంటి, సంస్థ చేతిలో లేని కారణాలకు నష్టపరిహారం రాదు. టికెట్టు డబ్బు మాత్రం రావాలి. దాన్ని ‘మీ ఖాతాలో ఉంచుతాం, తర్వాతి ప్రయాణానికి వాడుకోండి’ అనడం కూడా ప్రయాణికుడు ఒప్పుకుంటేనే. చాలామంది ఇది తెలియక మొదట కనబడిన బటన్ నొక్కేస్తారు.

కూతురు డబ్బు వాపసే ఎంచుకుంది. టికెట్లు కొన్నది ట్రావెల్ వెబ్‌సైట్‌లో. డబ్బు ముందు వాళ్ళకు చేరి, అక్కడి నుంచి కార్డుకు రావడానికి మూడు వారాలు పట్టింది.

అప్పుడు బయటపడింది అసలు పొరపాటు. హైదరాబాద్ నుంచి ఢిల్లీకి వేరే సంస్థలో, విడిగా, చవగ్గా కొన్నారు. ఆ విమానం నిక్షేపంగా మే 2న ఎగురుతుంది. మానుకుంటే చేతికి వచ్చేది దాదాపు ఏమీ లేదు. రెండూ ఒకే టికెట్టుగా, ఒకే పీఎన్ఆర్ మీద కొని ఉంటే రద్దు మొత్తానికీ వర్తించేది. మొదటిది ఆలస్యమై రెండోది అందకపోయినా, చివరి ఊరికి చేర్చే పూచీ సంస్థదే అయ్యేది. విడి టికెట్లకు ఆ పూచీ ఎవరిదీ కాదు. అప్పుడు మిగిలించింది రెండు వేల చిల్లర.

రాత్రి అన్నాలయ్యాక టీచరమ్మ మెల్లగా అంది. “అక్కడ అంతమంది పోయిన్రు. పెండ్లయి వారం తిరగని పిల్లలు గూడ ఉన్నరు. గిప్పుడు మనకు మంచు చూసుడు అవసరమా?”

ఆ ప్రశ్నకు ఆ ఇంట్లో ఎవరి దగ్గరా జవాబు లేదు. నా దగ్గరా లేదు. తెల్లారి ఆమే, మనవడి తలకు నూనె పెడుతూ, “పోదాం తియ్. మల్ల నా మోకాళ్ళు ఎక్కనిస్తయో ఎక్కనియ్యవో,” అంది.

పాకిస్థాన్ మూసింది భారతీయ విమానాలకే. కజకిస్థాన్ సంస్థ విమానాలు ఢిల్లీ నుంచి అదే దారిలో తిరుగుతూనే ఉన్నాయి. అల్లుడు వాటిలో వెతికితే మే 2న వెళ్ళి 5న తిరిగొచ్చేలా ఐదు సీట్లు దొరికాయి. ముందటి కంటే ఐదుగురికీ కలిపి 70 వేలు ఎక్కువ. ఐదు రాత్రులు మూడయ్యాయి. హోటల్ వాళ్ళకు అదే రోజు మెయిల్ పెడితే రెండు రాత్రుల అద్దె వదిలేశారు. అడగకపోతే అదీ పోయేది.

కంట్రోలర్ గారు ఒక్క షరతు పెట్టారు. “ఢిల్లీకి ముందు రోజే పోవాలె.” ఏప్రిల్‌లోనే ఢిల్లీలో ఒక రన్‌వేను మరమ్మతులకు మూశారు, విమానాలు ఆలస్యంగా నడుస్తున్నాయి. “లింకు బస్సుకు గంట టైం పెట్టుకున్నోడు బస్టాండుల పండుకున్నట్టే,” అన్నారు. తేదీ మార్చినందుకు దేశీయ సంస్థ రుసుము తీసుకుంది. అల్లుడికి అది దండగ అనిపించింది, పైకి అనలేదు.

మే 1 రాత్రి విమానాశ్రయం దగ్గరి గదిలో పడుకున్నారు. తెల్లవారుజామున కిటికీ అద్దాలు అదిరాయి. మనవడు అమ్మమ్మను వాటేసుకున్నాడు. బయట గాలివాన, ఉరుములు. మే 2 ఉదయం ఎనిమిదిన్నరకల్లా సఫ్దర్‌జంగ్ కేంద్రంలో 77 మిల్లీమీటర్ల వాన నమోదైంది. మే నెలలో ఢిల్లీలో అంత వాన అరుదు. ద్వారకా వైపు ఒక ఇంటి మీద చెట్టు కూలి తల్లీ ముగ్గురు పిల్లలూ చనిపోయారు. వందకు పైగా విమానాలు ఆలస్యమయ్యాయి, కొన్నిటిని వేరే ఊళ్ళకు మళ్ళించారు. వీళ్ళు పాత టికెట్టు ప్రకారం ఆ ఉదయమే హైదరాబాద్‌లో ఎక్కి, ఆ వానలో ఢిల్లీలో దిగాల్సింది.

అల్లుడు టీ గ్లాసు తెచ్చి మామ చేతికిచ్చాడు. ఆయన ఏమీ అనలేదు.

వాళ్ళ విమానమూ ఆలస్యంగానే లేచింది, కానీ లేచింది. అల్మాటీలో దిగి గడియారాలు అరగంట వెనక్కి తిప్పుకున్నారు. మూడో తేదీన మెదెవు దగ్గర రోప్‌వే ఎక్కి షింబులాక్‌కు, అక్కడి నుంచి ఇంకా పైకి, దాదాపు 3,200 మీటర్ల ఎత్తులోని తల్గర్ కనుమకు చేరారు. కింద ఊళ్ళో ఆపిల్ చెట్లు చిగురుస్తుంటే పైన మేలోనూ మంచు. టీచరమ్మ చేతి తొడుగు తీసి, వంగి, పిడికెడు తీసుకుంది. అది కరిగి నీళ్ళు మోచేతి దాకా కారేవరకు అలాగే పట్టుకుని నిలబడింది. ఫోటో తీయడం అందరూ మరిచిపోయారు.

5న ఢిల్లీ చేరి, రాత్రి అక్కడే ఆగి, 6 సాయంత్రానికి శంషాబాద్‌లో దిగారు. ఆ అర్ధరాత్రి దాటాక పాకిస్థాన్ మీద భారత్ దాడి, ఆపరేషన్ సిందూర్, మొదలైంది. తెల్లారేసరికి ఉత్తర, పశ్చిమ భారతంలో విమానాశ్రయాలు మూతపడటం మొదలైంది. ఆ వారంలో వాటి సంఖ్య 32కు చేరింది.

మే 9కి మార్చుకొమ్మన్న ఆ మెసేజ్‌ను కూతురు ఇంకా చెరపలేదు, నాకు చూపించింది. మే 23న పాకిస్థాన్ ఆ దారి తెరవలేదు. ఇంకో నెల పొడిగించింది. ఆ నెల తిరిగాక మళ్ళీ పొడిగించింది.