కోత లేని పరీక్ష: వేలూరు దారి నుంచి ఊరి ఉపకేంద్రం దాకా

ఉపోద్ఘాతం

వైద్య చరిత్ర అనగానే కొత్త మందులు, పెద్ద ఆసుపత్రులు గుర్తుకొస్తాయి. ఈ విభాగంలో మనం మరో ప్రశ్న వేసుకుందాం. క్యాన్సర్‌ను తొలిదశలోనే పసిగట్టే పరీక్ష ఒకటి ఉన్నా, అది సామాన్య కుటుంబంలోని మనిషికి అందడానికి ఎందుకు ఆలస్యమవుతుంది? చిత్తూరు, తిరుపతి ప్రాంత అనుభవం ఆధారంగా దీనికి జవాబు వెతుకుదాం.

రోగి ఆసుపత్రికి వెళ్లిన కాలం

చిత్తూరు జిల్లా 1911లో ఏర్పడింది. అంతకుముందు చిత్తూరు, తిరుపతి ప్రాంతాలు ఉత్తర ఆర్కాటు జిల్లాలో ఉండేవి. అందుకే పెద్ద జబ్బు చేస్తే వేలూరుకు వెళ్లడం ఇక్కడివారికి పాత అలవాటు. అక్కడ 1900లో ఐడా స్కడర్ ఒకే పడకతో ప్రారంభించిన వైద్యశాల క్రమంగా క్రైస్తవ వైద్య కళాశాలగా ఎదిగింది. 1954లో డాక్టర్ ముత్తులక్ష్మీ రెడ్డి కృషితో మద్రాసులోని అడయారులో క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్ మొదలైంది.

ఇక్కడ మీరు ఒక విషయం గమనించాలి. ఈ ప్రయాణాలన్నీ గడ్డో, పుండో, రక్తస్రావమో కనిపించిన తర్వాత చేసినవే. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను ముందుగా గుర్తించే పాప్ పరీక్ష విలువ 1940ల్లోనే వైద్యలోకానికి తెలిసింది. కానీ ఆ పరీక్షకు ప్రయోగశాల, కణాలను చదవగల నిపుణులు కావాలి. ఫలితం కోసం రోగి మళ్లీ రావాలి. పల్లెకు ఈ మూడూ దూరమే.

మదనపల్లె నేర్పిన పాఠం

ఆరోగ్యంగా కనిపించేవారిని కూడా పరీక్షించాలనే ఆలోచన ఈ ప్రాంతానికి కొత్త కాదు. అప్పటి చిత్తూరు జిల్లాలోని మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలో క్షయ ఆసుపత్రి ఉండేది. 1950-55 మధ్య డాక్టర్ ఫ్రిమోట్ మొల్లర్ బృందం మదనపల్లెలోనూ, చుట్టుపక్కల గ్రామాల్లోనూ ట్యూబర్‌క్యులిన్, ఎక్స్‌రే పరీక్షలతో క్షయను వెతికింది. రోగి వచ్చేదాకా ఆగకుండా పరీక్షే జనం దగ్గరికి వెళ్లింది. క్యాన్సర్ విషయంలో ఈ మార్పు రావడానికి మరో అరవై ఏళ్లు పట్టింది.

పరీక్ష ఊరికి వచ్చిన కాలం

ఖర్చు తక్కువ పద్ధతి ఒకటి దారి చూపింది. గర్భాశయ ముఖద్వారంపై పలచని ఎసిటిక్ ఆమ్లం, అంటే వెనిగర్‌లో ఉండే పదార్థం, పూసి ఒక నిమిషం ఆగితే అనుమానాస్పద భాగం తెల్లబడుతుంది. కోత లేదు, ప్రయోగశాల అక్కర్లేదు. తమిళనాడులోని దిండిగల్ జిల్లాలో శిక్షణ పొందిన నర్సులతో జరిపిన అధ్యయనం ఫలితాలు 2007లో వెలువడ్డాయి. పరీక్షకు పిలిచిన వర్గంలో ఈ క్యాన్సర్ మరణాలు 35 శాతం తగ్గాయి. అయితే పోలిక కోసం ఎంచుకున్న మహిళలకు ఆ పరీక్ష చేయకపోవడం న్యాయమా అన్న విమర్శ కూడా తర్వాత వచ్చింది.

2016లో కేంద్ర ప్రభుత్వ మార్గదర్శకాలు 30-65 ఏళ్లవారికి అయిదేళ్లకోసారి పరీక్షలు చేయాలని సూచించాయి. నోటిని కంటితో, రొమ్మును చేతితో పరీక్షించడం, ముఖద్వారానికి ఎసిటిక్ ఆమ్ల పరీక్ష వీటిలో ఉన్నాయి. ముందుగా ఆశా కార్యకర్త ఇంటికి వచ్చి వివరాలు నమోదు చేసుకుంటుంది.

తిరుపతిలో 1993లో సేవలు మొదలుపెట్టిన స్విమ్స్‌కు తోడుగా, తిరుమల తిరుపతి దేవస్థానం స్థలంలో టాటా ట్రస్టుల ఆధ్వర్యంలో 2022 మేలో క్యాన్సర్ ఆసుపత్రి ప్రారంభమైంది. స్విమ్స్ 'పింక్ బస్సు' పల్లెల్లో మహిళలకు పరీక్షా శిబిరాలు నిర్వహిస్తోంది.

మిగిలిన దూరం

ఇంత జరిగినా, 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 30-49 ఏళ్ల మహిళల్లో గర్భాశయ ముఖద్వార పరీక్ష ఎప్పుడైనా చేయించుకున్నవారు 1.9 శాతమే. రొమ్ము పరీక్ష చేయించుకున్నవారు 0.9 శాతం. కారణాలు మీకు తెలియనివి కావు. "నొప్పే లేదు, నాకెందుకు?" అనే మాట, పోయే ఒక రోజు కూలి, చాటు లేని గది, ఏం బయటపడుతుందోనన్న భయం. పరీక్షలో అనుమానం వస్తే అది క్యాన్సరేనని అర్థం కాదు. ముక్క పరీక్షతో నిర్ధారించాలి. ఆ రెండో అడుగుకు దారి ఖర్చు, తోడు, చికిత్స సిద్ధంగా లేకపోతే మొదటి అడుగు వృథా అవుతుంది.

సారాంశం

పరీక్ష అందుబాటులో ఉండటం వేరు, మనిషికి అందడం వేరు. మొదటిది విజ్ఞానశాస్త్ర చరిత్ర, రెండోది సమాజ చరిత్ర. రెండూ కలిసినప్పుడే ప్రాణం నిలుస్తుంది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. పాప్ పరీక్ష పల్లెలకు చేరకపోవడానికి కారణాలేమిటి?
2. మదనపల్లె క్షయ సర్వేకూ, నేటి క్యాన్సర్ పరీక్షలకూ ఉన్న పోలికను వివరించండి.
3. మీ ఇంట్లోనో, వీధిలోనో 30 ఏళ్లు దాటిన ఇద్దరితో మాట్లాడండి. వారు ఈ పరీక్షలు చేయించుకున్నారా? లేకపోతే అడ్డు వచ్చిందేమిటో వారి మాటల్లోనే రాయండి.