మూసా కథా, ఈసా కథా?

1978 డిసెంబరులో రెండు సినిమాలు వచ్చాయి. ఒకటి మన ‘కరుణామయుడు’, అందులో విజయచందర్ ఏసుక్రీస్తు. రెండోది అమెరికాలో విడుదలైన ‘సూపర్‌మ్యాన్’. మొదటిదాంట్లో క్రీస్తు ఉన్నాడని పోస్టరే చెబుతుంది. రెండోదాంట్లోనూ ఉన్నాడని పాస్టర్లు, సినిమా పిచ్చోళ్లు అప్పటినుంచీ చెబుతూనే ఉన్నారు. పైలోకంలోని తండ్రి ఒక్కగానొక్క కొడుకును భూమికి పంపాడు. ఆ కొడుకు మామూలు పల్లెటూరి దంపతుల ఇంట పెరిగాడు, పెద్దయ్యాక జనాన్ని ఆదుకున్నాడు. ఇంత పోలిక ఊరికే కుదురుతుందా? కుదరదు. కానీ 1938లో సూపర్‌మ్యాన్‌ను పుట్టించిన జెర్రీ సీగెల్, జో షుస్టర్ ఇద్దరూ వలస వచ్చిన యూదుల బిడ్డలు. క్లీవ్‌లాండ్‌లో కలిసి చదువుకున్న ఆ ఇద్దరికీ తమ బొమ్మల కథలో క్రీస్తును దాచాల్సిన అవసరం ఏముంది? ఎవరు, ఎప్పుడు పెట్టారు?

మొదటి ఆధారం నాకు పాతబస్తీ అంచున దొరికింది. పురానాపూల్ దగ్గర గురువారాల్లో పరిచే జుమేరాత్ బజార్లో, పాత గడియారాలకూ ఊడిన ఫ్యాన్ రెక్కలకూ మధ్య, అట్ట చిరిగిన సూపర్‌మ్యాన్ పుస్తకం. బేరం తెగాక, అమ్మిన పెద్దాయన మొదటి బొమ్మలను వేలితో తడిమి చూశాడు. పేలిపోతున్న లోకం, పసివాణ్ణి చిన్న నౌకలో పెట్టి పంపేస్తున్న తండ్రి.

“గిది మూసా నబీ కిస్సానే గద సాబ్,” అన్నాడు.

“ఏసు ప్రభువు కథ అంటారు చాచా.”

“ఈసా నబీని సందూక్‌ల పెట్టిన్రా ఎవరన్నా?”

పెట్టలేదు. పశువుల తొట్టిలో పడుకోబెట్టారు. చావు తరుముకొస్తుంటే పసిగుడ్డును పెట్టెలో పెట్టి నీళ్లకు వదిలిన కథ మోషేది. ఆ బిడ్డను చేరదీసింది బైబిల్లో ఫరో కూతురు, ఖురాన్‌లో ఫరో భార్య. ఎవరైతేనేం, బిడ్డ పరాయి ఇంట్లో, పరాయి పేరుతో, తన పుట్టుక సంగతి మనసులో పెట్టుకుని పెరిగాడు. నీళ్లకు బదులు ఆకాశం, జమ్ముపెట్టెకు బదులు రాకెట్ పెట్టి చూడండి.

చాచా వెనకాల పారుతున్నది మూసీ. లంగర్‌హౌజ్ బాపూఘాట్ దగ్గర అందులో కలిసే ఏరు ఈసీ. పేర్లు పట్టుకుని రుజువులు అల్లేవాళ్లకు ఇంతకన్నా ఏం కావాలి!

అయితే పేర్ల మీద కట్టిన రుజువు ఎప్పుడూ జారుడుబండే. సూపర్‌మ్యాన్ అసలు పేరు కాల్-ఎల్. హీబ్రూలో ‘ఎల్’ అంటే దేవుడు కాబట్టి ఇది దైవనామం అంటారు. కానీ 1939లో దినపత్రికల్లో వచ్చిన బొమ్మల కథలో తండ్రీకొడుకుల పేర్ల చివర ఉన్నది ఒంటి ఇంగ్లిష్ అక్షరం ‘ఎల్’ మాత్రమే. తండ్రి పేరులో ఇప్పటి స్పెల్లింగ్ తెచ్చింది 1942లో సూపర్‌మ్యాన్ నవల రాసిన జార్జ్ లోథర్.

పెంపుడు తల్లి సంగతీ అంతే. 1938 నాటి తొలి కథలో ఆమె అసలు లేనేలేదు. దారిన పోయే వాహనదారుడు ఎవరో బిడ్డను చూసి అనాథాశ్రమంలో అప్పగించి పోతాడు. 1939లో కెంట్ దంపతులు వచ్చారు, ఆవిడ పేరు మేరీ! క్రీస్తు పక్షంవాళ్లు ఇక్కడ ఎగిరి గంతేస్తారు. మూడేళ్లు తిరిగేసరికి లోథర్ నవలలో ఆమె శారా అయింది. 1950ల్లో మార్తాగా స్థిరపడింది. కావాలని పెట్టిన మరియమ్మనైతే అంత సులువుగా మార్చేస్తారా? నా లెక్కలో ఇది తప్పుదారి పట్టించే ఆధారం.

కన్నవాళ్ల సాక్ష్యం కూడా క్రీస్తు వైపు లేదు. సమ్సోను, హెర్క్యులిస్, తాను విన్న బలశాలులందరినీ కలిపి ముద్ద చేస్తే వచ్చినవాడే సూపర్‌మ్యాన్ అని సీగెల్ చెప్పుకున్నాడు. 1932లో సీగెల్ తండ్రి తన బట్టల దుకాణంలో దొంగతనం జరుగుతుండగా ప్రాణం విడిచాడు. ఆ కొడుకు దొంగలను చితక్కొట్టే వీరుణ్ణి ఊహించుకున్నాడంటే, అందుకు వేదాంతం అక్కర్లేదు. శత్రువు సాక్ష్యం మరీ గట్టిది. 1940లో ‘లుక్’ పత్రిక కోసం సీగెల్, షుస్టర్ రెండు పేజీల కథ చేశారు. సూపర్‌మ్యాన్ హిట్లర్‌ను మెడపట్టి లాక్కుపోతాడు. ఆ ఏప్రిల్‌లో హిట్లర్ ఎస్ఎస్ దళాల పత్రిక సీగెల్ యూదుడని ఎత్తిచూపుతూ విరుచుకుపడింది. వాళ్ల కంటికి కనిపించింది క్రీస్తు కాదు.

ఇక 1978కి వద్దాం. ఇక్కడ నేరాంగీకారమే ఉంది. దర్శకుడు రిచర్డ్ డానర్ పిలిపించుకుని స్క్రిప్టు తిరగరాయించిన టామ్ మాంకీవిచ్, క్రీస్తు పోలికను తెలిసే పెట్టామని తర్వాత ఇంటర్వ్యూల్లో చెప్పాడు. సినిమా మొదట్లో మార్లన్ బ్రాండో వేసిన తండ్రి, తిరుగుబాటుదారుడు జాడ్‌ను లోకం నుంచి వెలివేస్తాడు. అది సాతాను పతనం. తర్వాత కొడుకును పంపే మాటల్లో యోహాను సువార్త వాసన కొడుతుంది. నాకు బాగా నచ్చిన ఆధారం వయసు. కెంట్ దంపతుల ఇంట క్లార్క్ పేరుతో పెరిగిన సూపర్‌మ్యాన్ పద్ధెనిమిదేళ్లకు ఇల్లు వదిలి, మంచుకోటలో తండ్రి గొంతు వింటూ పన్నెండేళ్లు గడుపుతాడు. కలిపితే ముప్పై. ఏసు బోధ మొదలుపెట్టినప్పుడు దాదాపు ముప్పై ఏళ్లని లూకా సువార్త మూడో అధ్యాయం చెబుతుంది.

ఆ తర్వాత మొహమాటం పోయింది. 2006 సినిమాలో సూపర్‌మ్యాన్ చేతులు చాచి సిలువ ఆకారంలో ఆకాశం నుంచి పడతాడు. 2013లో ముప్పై మూడేళ్ల క్లార్క్ చర్చిలో కూర్చుంటే వెనక రంగు అద్దాల కిటికీలో గెత్సేమనే ప్రార్థన. ఆ సినిమా స్టూడియో పాస్టర్లకు ప్రసంగం నోట్స్ కూడా అందించింది. ఇక అందులో విప్పాల్సిన ముడి ఏముంది?

అంటే మోషే ఒంటికి నలభై ఏళ్ల తర్వాత క్రీస్తు చొక్కా కుట్టారు. ఆ ఒంటికి ఏ చొక్కా అయినా పడుతుందనడానికి రుజువు మన దగ్గరే ఉంది. 1980లో వి. మధుసూదనరావు దర్శకత్వంలో ఎన్.టి.రామారావు ‘సూపర్‌మ్యాన్’ వచ్చింది. అందులో గ్రహమూ లేదు, రాకెట్టూ లేదు. బలం ఆంజనేయుడి వరం. 2024లో ‘హను-మాన్’ చేసిందీ ఆ పనే, ఈసారి మణి రూపంలో. ధూల్‌పేటలో బాహుబలి గణపతులు తయారయ్యే ఊరు మనది. దేవుణ్ణీ వీరుణ్ణీ ఒకే అచ్చులో పోయడానికి మనకు స్టూడియో నోట్స్ అక్కర్లేదు.

ఒక ముడి మిగిలింది. సువార్తల్లో సాతాను ఏసును దేవాలయ శిఖరం మీద నిలబెట్టి దూకమంటాడు, దూతలు పట్టుకుంటారు కదా అని. ఆయన దూకడు. సిలువ దిగి రమ్మని జనం ఎగతాళి చేసినా దిగడు. అద్భుత వీరులు రీలుకొకసారి చేసే పనిని ఆయన కాదన్నాడు. 1978 సినిమా చివర ఈ తేడా బయటపడుతుంది. సూపర్‌మ్యాన్ ప్రేమించిన లోయిస్ చనిపోతుంది. మనుషుల చరిత్రలో వేలు పెట్టొద్దని తండ్రి చెప్పిన మాట చెవుల్లో మోగుతూనే ఉంటుంది. కొడుకు ఆ మాట దాటి, భూమి చుట్టూ ఎగిరి, కాలాన్ని వెనక్కి తిప్పి ఆమెను బతికించుకుంటాడు. గెత్సేమనే తోటలో జరిగింది దీనికి తలకిందులు. అక్కడ కొడుకు తండ్రి చిత్తానికి లొంగి, గిన్నె తాగడానికి ఒప్పుకున్నాడు.

అంత శ్రద్ధగా పోలిక కూర్చినవాళ్లు చివర్లో ఎందుకు తప్పారు? నిర్మాతలు రెండు భాగాలనూ కలిపే తీస్తున్నారు. కాలం వెనక్కి తిరిగే ఘట్టం స్క్రిప్టులో రెండో భాగానికి ముగింపు. మొదటి సినిమాకు ముందు గట్టి ముగింపు కావాలని దాన్ని ఇటు లాక్కొచ్చారు.