జామాయిల్‌లో బుడిపె కందిరీగ: మందు ఎక్కడ పని చేస్తుంది, ఎక్కడ వృథా

జామాయిల్ (నీలగిరి) లేత ఆకుల ఈనెల మీద, తొడిమెల మీద, చిగురు కాడల మీద వరుసగా బుడిపెలు కనిపిస్తే చాలామంది రైతులు వెంటనే పురుగుమందు కొంటారు. రెండు మూడు సార్లు కొట్టినా బుడిపెలు తగ్గవు. కారణం తెలుసుకుంటే ఆ ఖర్చు మిగులుతుంది.

ఎక్కడి పురుగు?
దీని శాస్త్రీయ నామం లెప్టోసిబే ఇన్వేసా. జామాయిల్ లాగే ఇదీ ఆస్ట్రేలియాదే. మన దేశంలో 2001లో మొదట కర్ణాటకలో కనిపించింది. తరువాత ఆంధ్ర ప్రాంతానికీ వ్యాపించింది. తల్లి పురుగు ఒకటిన్నర మిల్లీమీటరు కూడా ఉండదు. నల్లగా, నీలి ఆకుపచ్చ మెరుపుతో ఉంటుంది. మగ పురుగుతో కలవకుండానే గుడ్లు పెట్టగలదు కాబట్టి త్వరగా పెరిగిపోతుంది.

గుర్తించడం ఎలా?
గుడ్డు పెట్టిన చోట ముందు బెరడు లాంటి మచ్చ వస్తుంది. తరువాత ఆకుపచ్చ బుడిపె లేచి, గులాబీ, ఎరుపు రంగులకు మారి, చివరకు గోధుమ రంగులోకి వస్తుంది. ఆకులు మెలిపడతాయి, చిగుళ్లు గిడసబారతాయి. నర్సరీ మొక్కలకు, చిన్న తోటలకు, నరికిన మోడు నుంచి వచ్చే పిలకలకు నష్టం ఎక్కువ.

మందు ఎందుకు పని చేయదు?
పిల్లపురుగు బుడిపె లోపలే పెరుగుతుంది. పైన కొట్టిన మందు దానికి తగలదు. బుడిపె మీద సూదిమొన అంత రంధ్రం ఉంటే పురుగు అప్పటికే బయటకు వెళ్లిపోయినట్లు. పైగా ఎత్తు పెరిగిన తోటలో చిగుళ్లన్నీ తడిసేలా పిచికారీ చేయడం సాధ్యం కాదు. మందు వల్ల తేనెటీగలకు, మనకు మేలు చేసే పరాన్నజీవులకు హాని జరుగుతుంది.

మిత్ర పురుగులు
ఈ కందిరీగ పిల్లపురుగులను తిని బతికే క్వాడ్రాస్టికస్ మెండెలి అనే చిన్న పరాన్నజీవిని మన శాస్త్రవేత్తలు ఇజ్రాయెల్ నుంచి తెప్పించారు. తోటల్లో విచక్షణ లేకుండా మందులు కొడితే ముందు చచ్చేది ఇలాంటివే.

మీరు చేయాల్సినవి
• నాటేముందే జాగ్రత్తపడండి. తట్టుకునే క్లోన్ ఏదో అటవీ శాఖ లేదా పరిశోధనా కేంద్రం వారిని అడిగి ఎంచుకోండి. పొలమంతా ఒకే క్లోన్ వేయకండి.
• నర్సరీలో మొక్కలను చేత్తో తిప్పి చూడండి. ఒక్క బుడిపె ఉన్నా ఆ మొక్క తీసుకోకండి. ధర తగ్గించి ఇస్తామన్నా వద్దు.
• మందు అవసరమైతే నర్సరీ దశలోనే. మొక్క లోపలికి ఇంకే మందును వేరుకు అందించడం ఆకులపై పిచికారీ కన్నా మేలు. ఏ మందు, ఎంత మోతాదు అన్నది స్థానిక అధికారి సిఫారసు ప్రకారమే పాటించండి. చేతి తొడుగులు, ముక్కుకు గుడ్డ తప్పనిసరి.
• నర్సరీలో పసుపు జిగురు అట్టలు కడితే తల్లి పురుగుల రాక తెలుస్తుంది.
• కొత్త తోటలో కొద్ది మొక్కలకే బుడిపెలుంటే, రంధ్రాలు పడకముందే ఆ చిగుళ్లు కత్తిరించి కాల్చేయండి.
• బుడిపెలున్న మొక్కలను, రెమ్మలను మరో ఊరికి తీసుకెళ్లకండి.

జామాయిల్ కోతకు రావాలంటే నాలుగైదేళ్లు ఆగాలి. మొదటి ఏడాది గిడసబారిన మొక్క ఆ ఆలస్యాన్ని పూడ్చుకోవడం కష్టం. అందుకే మందు సీసాకు పెట్టే డబ్బు మంచి మొక్కకు పెట్టండి.