కామాకురాలో రెండు చప్పట్లు

రెండుసార్లు వంగాలి, రెండు చప్పట్లు కొట్టాలి, మళ్ళీ ఒకసారి వంగాలి. టోక్యో నుంచి రైల్లో గంట దూరంలో ఉన్న కామాకురాలో, త్సురుగావోకా హచిమాన్‌గు అనే షింటో గుడి దగ్గర మా గైడు ఇది చేసి చూపించారు. రిటైరైన పెద్దాయన. ఇంగ్లీషు నెమ్మదిగా, ఆచితూచి మాట్లాడతారు. ఇది చాలా పాత ఆచారమా అని అడిగాను. కాసేపు ఆలోచించి, "అన్ని గుళ్ళలోనూ ఇలా ఒకేలా చెయ్యడం మాత్రం పాతది కాదు" అన్నారు. ఈ హచిమాన్ దేవుడి మూలస్థానం క్యూషూ ద్వీపంలోని ఉసా. అక్కడ ఇప్పటికీ నాలుగు చప్పట్లు కొడతారట.

నేనప్పటికే లోపల్లోపల పోలికలు వెతుక్కుంటున్నాను. గుడి ముందున్న తోరీని చూడగానే మన తోరణం గుర్తొచ్చింది. (మాటలు ఒకేలా వినపడితే చుట్టరికం ఉన్నట్టు కాదు. ఆ మాట పుట్టుక మీద పండితులకే ఏకాభిప్రాయం లేదు.) చేతులూ నోరూ కడుక్కునే నీళ్ళతొట్టిని చూసి కోనేరు అనుకున్నాను. విదేశాల్లో గుడి కనపడితే "అచ్చం మనలాగే" అనేసుకోవడంలో ఓ సుఖం ఉంది.

1063లో మినామోతో యోరియోషి సముద్రం ఒడ్డున కట్టిన చిన్న గుడిని 1180లో యోరితోమో ఇక్కడికి మార్చాడు. జపాన్ మొదటి షోగున్ ప్రభుత్వానికి ఇదే కులదైవం. మెట్ల పక్కన ఒక జింకో చెట్టు మొదలు ఉంది. మహావృక్షం, 2010 మార్చిలో గాలికి పడిపోయింది. 1219లో మూడో షోగున్ సానెతోమోని ఈ గుడి దగ్గరే అతని అన్నకొడుకు కుగ్యో నరికి చంపాడు. ఆ చెట్టు వెనకే దాక్కున్నాడని కథ. గైడు మామూలుగా చెప్పుకుపోతూ, "అప్పటికి కుగ్యో ఈ గుడికే అధిపతి, బౌద్ధ సన్యాసి" అన్నారు.

షింటో గుడికి బౌద్ధ సన్యాసి అధిపతి ఏమిటి?

ఆయన ఈ ప్రశ్న కోసమే చూస్తున్నట్టు సంచిలోంచి ప్లాస్టిక్ కవర్లో పెట్టిన ఒక పాత ఫొటో కాపీ తీశారు. రెండంతస్తుల చెక్క పగోడా. 1860లలో ఫెలిచె బియాటో తీసింది. 1857 తిరుగుబాటు తర్వాత లక్నో శిథిలాలని ఫొటోలు తీసిన బియాటోనే. "ఇది ఈ ఆవరణలోదే" అన్నారు గైడు.

దాదాపు 700 ఏళ్ళు ఇక్కడ ఉన్నది గుడీ, విహారమూ కలిసిన ఒకే సంస్థ. పేరే హచిమాన్‌గు-జి, చివరి 'జి' అంటే బౌద్ధాలయం. హచిమాన్ దేవుడికి బోధిసత్త్వుడన్న బిరుదుండేది. ఆయన ముందు సన్యాసులు సూత్రాలు పారాయణ చేసేవాళ్ళు. 1868లో మెయిజీ ప్రభుత్వం దేవుళ్ళనీ బుద్ధుణ్ణీ వేరు చెయ్యమంది. సూర్యదేవత వంశంలోని చక్రవర్తి పేరున కొత్త రాజ్యం నిలబెట్టేవాళ్ళకి కల్తీలేని దేశీయ దైవాలు కావాలి. హచిమాన్‌కి బోధిసత్త్వ బిరుదు పోయింది. కూల్చమని ఆ ఉత్తర్వుల్లో లేదు. అయినా 1870లో ఈ పగోడాతో సహా ఇక్కడి బౌద్ధ కట్టడాలన్నీ కూల్చేశారు. ద్వారపాలక విగ్రహాలు రెండూ దగ్గర్లోని జుఫుకు-జికి చేరాయి. సన్యాసులు జుట్టు పెంచుకుని షింటో పూజారులైపోయారు.

ఏళ్ళతరబడి కలిసిపోయిన కోడ్‌ని రెండు ముక్కలు చెయ్యమంటే ఏమవుతుందో నా వృత్తిలో చూశాను. ఏ లైను ఎవరిదో తేలదు. చివరికి ఎవరో ఒకరు విసిగిపోయి డిలీట్ కొడతారు.

తేలని లైను ఇక్కడా ఒకటుంది. తామరకొలనులో ఓ చిన్న ద్వీపం, దానిమీద బెంజాయితెన్ గుడి. ఈమె మన సరస్వతే. బౌద్ధ సూత్రాలతో పాటు చైనా మీదుగా వచ్చింది, వీణ బదులు చేతిలో బివా. ఈ గుడికి చెందిన ఆమె విగ్రహం 1266 నాటిది. చెక్కడం నగ్నంగా చెక్కి, నిజం బట్టలు కట్టేవారు. బాసరలో అమ్మవారికి చీర కట్టినట్టే అనబోయి ఊరుకున్నాను. విగ్రహం ఇప్పుడు ఆవరణలోని మ్యూజియం సంరక్షణలో ఉంది. ఆ రోజు ప్రదర్శనలో లేదు, ఫొటోలోనే చూశాను. ఆమె ఏ వైపు? ఇండియా నుంచి వచ్చిన బౌద్ధ దేవత, జపాన్ వాళ్ళు కామిగా కొలిచే దేవత, రెండూ నిజమే.

షింటో అంటే జపాన్ అనాది ప్రకృతి మతం అని మొదలుపెట్టే పరిచయవ్యాసాలు నేను చాలానే చదివాను. కామిల ఆరాధన చాలా పాతదే, సందేహం లేదు. కానీ దాని చుట్టూ ఇది వేరు, అది వేరు అని గట్టిగా కట్టిన గోడ 1868 నాటిది. ఆ గోడ లోపలున్నదాన్నే చూసి, అచ్చం మనలాగే అని నేను ముచ్చటపడుతున్నాను.

మెట్లెక్కాక అలవాటుగా చేతులు జోడించి నిలబడ్డాను. పక్కనున్నవాళ్ళ చప్పట్లు వినపడి, గబగబా రెండు కొట్టాను.

కిందికొచ్చాక ఆ పగోడా ఎక్కడుండేదని అడిగాను. ఆయన ఫొటో ఎదురుగా పట్టుకుని, అటూ ఇటూ రెండడుగులు జరిగి, ఒకవైపు చెయ్యి చూపించారు. ఎవరో సెల్ఫీ తీసుకుంటున్నారు. వాళ్ళు తప్పుకునేదాకా ఆగి, ఫొటో మళ్ళీ కవర్లో పెట్టుకున్నారు.